బానెటెత్తిన భర్త: సటీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

పదినిమిషములందు పని ముగించెద నంచు
బానెటెత్తినాడు భర్త నేడు;
బోల్టు జారి పడెను బొరియలో నెచ్చటో;
వంట చల్లబడియె, వాన వచ్చె.

అవతారిక

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద, మామిడిపండు బొమ్మ అయస్కాంతం కింద, కరెంటు బిల్లు వెనకవైపున దొరికింది. మకుటం లేదు, కవి పేరు లేదు. అయితే పాల లెక్కా ఇస్త్రీ బట్టల లెక్కా రాసే చేతిరాతే ఇదీ. ఆ చేతిరాత గల ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా జూనియర్ కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నారు. కర్తృత్వ నిర్ణయం ఇంత తేలిగ్గా తెమిలిన కృతి మన సాహిత్యంలో మరొకటి ఉండదు.

చదవగానే నేను చేసిన మొదటి పని తప్పులు వెతకడం. ఆటవెలదికి బేసి పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. వేళ్ళ మీద లెక్కపెట్టాను. అప్పటికి వేళ్ళకు గ్రీజు వదల్లేదు గనక బిల్లు నిండా ముద్రలు పడ్డాయి. ఇప్పుడా మూలప్రతిలో వ్యాఖ్యాత హస్తం కూడా ఉంది. యతులు చూశాను: మొదటి పాదంలో పకు ప, రెండో పాదంలో బాకు భ, మూడో పాదంలో బోకు బొ, నాలుగో పాదంలో వంకు వా. ఎక్కడా బెసకలేదు. పద్యంలో తప్పు దొరకనివాడికి వ్యాఖ్యానం రాయడం తప్ప దారి లేదు.

మెతుకుసీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు కాళిదాసుతో ఏ పేచీ లేదు. ఈ వ్యాఖ్యాత కవయిత్రితో ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాడు. పైగా పద్యంలో భర్త అన్న పదానికి అర్థం తనే. కాబట్టి ఆ రెండు ఒట్లూ ఇక్కడ చెల్లవు.

ప్రతిపదార్థం

పదినిమిషములందు = పది నిమిషాల లోపలే, ఎవరి గడియారం ప్రకారమో కింద విచారించబడును; పనిన్ = బ్యాటరీ టెర్మినళ్ళు తుడిచి బిగించడమనే అల్పమైన పనిని; ముగించెదన్ = పూర్తిచేస్తాను; అంచున్ = అని పలుకుతూ, అనగా ఎవరూ అడగకపోయినా పలుకుతూ; భర్త = ఇంటాయన; నేడు = ఈ దినమున, ఆదివారమున అని భావం; బానెటు = కారు ముందుభాగపు మూతను; ఎత్తినాడు = పైకి లేపెను; బోల్టు = మరమేకు; జారి = పట్టు తప్పి; బొరియలోన్ = ఇంజను పక్క సందులో; ఎచ్చటో = ఎక్కడో, ఇప్పటికీ ఎక్కడో; పడెను = పడిపోయెను; వంట = మధ్యాహ్న భోజనం; చల్లబడియెన్ = చల్లారెను; వాన = వర్షం; వచ్చెన్ = వచ్చెను.

తాత్పర్యం

కారు తానే బాగుచేస్తానని బానెట్ ఎత్తిన ఒక గృహస్థు బోల్టు పోగొట్టుకొని, భోజనం చల్లార్చుకొని, వానలో తడిశాడని భావం. తడిశాడని మూలంలో లేదు. తడిశాను.

వ్యాఖ్య

పది. పద్యానికి ఆయువుపట్టు ఈ మాటే. ఇందులో శ్లేష ఉంది. పైకి కనిపించే అర్థం పది నిమిషాలు. లోపలి అర్థం పది నంబరు పానా. కారు బానెట్ కింద చేయి పెట్టిన ప్రతివాడికీ ఈ రెండో అర్థం తెలుసు. ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న బోల్టుకు తల పది మిల్లీమీటర్లు. బ్యాటరీ టెర్మినల్ నట్టు పది, బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు పది, తీగలను బాడీకి కట్టే బోల్టు పది. జపాను సంప్రదాయపు కార్లలో బోల్టు తలలు పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు అన్న వరసలో నడుస్తాయి. అందుచేత పది-పదకొండు అని రెండు నోళ్ళున్న పానా కొంటే పదకొండో నోరు జీవితాంతం కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తూ ఉంటుంది. పదో నోరు మాత్రం ఎప్పుడూ కనిపించదు.

తర్కశాస్త్రం అభావాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. వస్తువు పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం. అంటే పానా కొనకముందు ఉన్న స్థితి. నశించాక లేకపోవడం ప్రధ్వంసాభావం. అంటే విరిగాక వచ్చే స్థితి. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం, అనగా పన్నెండు పానా పది పానా కాదు. కాగితం మడిచి మధ్యలో దూర్చినా కాదు, నేను చూశాను. మా పానా పరిస్థితి ఈ నాలుగింటిలో దేనికిందకీ రాదు. దాన్ని కొన్నాం, అది విరగలేదు, మొన్న సాయంత్రం కూడా చూశాం. డబ్బాలో తక్కిన పానాలన్నీ ఉన్నాయి. దీన్ని అయిదో అభావంగా ఒప్పుకోవలసిందని తార్కికులకు మనవి.

నలభై నిమిషాలు వెతికాక అది వంటింట్లో దొరికింది. ఊగుతున్న గ్రైండరు కాలి కింద ఎత్తుగా పెట్టి ఉంది. పెట్టినవారెవరో వ్యాఖ్యాత చెప్పడు. అయితే ఆ నలభై నిమిషాలను భర్త ఖాతాలో రాయడం న్యాయం కాదని మాత్రం పండితులు గమనించాలి.

ముగించెదన్. ఇది భవిష్యత్ క్రియ. పద్యం మొత్తంలో పూర్తికావడాన్ని చెప్పే మాట ఇదొక్కటే, అదీ ఇంకా జరగనిది. కవయిత్రి ఇక్కడ గడుసుదనం చూపారు. మొదలుపెట్టెదను అనలేదు, ప్రయత్నించెదను అనలేదు. నేను నిజంగానే "ముగించేస్తాను" అన్నాను. కారణం చెబుతాను. నట్టు విప్పడానికి ఒక నిమిషం, రెండోది మరో నిమిషం, తుడవడానికి నాలుగు, బిగించడానికి రెండు, చేతులు కడుక్కోవడానికి ఒకటి. మొత్తం తొమ్మిది. ఉదారంగా పది అన్నాను. ఈ లెక్కలో తప్పు లేదు. నట్టు తిరగడానికి నేను లెక్కగట్టినంతే పట్టింది. నట్టు దగ్గరికి చేరడానికీ, చేరాక అది తిరగడానికి ఒప్పుకోవడానికీ పట్టిన కాలం ఇందులో కలపలేదు. పెళ్ళికి పట్టే సమయం ఎంతంటే మాంగల్యధారణ ఒక్కటే చెప్పినట్టు.

బానెటు. ఇంగ్లండులో బానెట్ అంటే ఆడవాళ్ళు గడ్డం కింద నాడాలు కట్టి పెట్టుకునే టోపీ. కారు తలకు అదే పేరు పెట్టారు. అమెరికావాళ్ళు హుడ్ అంటారు. మనం తెల్లదొర మాటనే పట్టుకున్నాం. డిక్కీ కూడా అలాంటిదే. గుర్రపు బగ్గీకి బయటివైపు ఉండే సీటు పేరది. స్టెప్నీ మరీ విచిత్రం. తొలినాళ్ళ కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ వీధిలో, 1904లో డేవీస్ సోదరులు ఆ చక్రాన్ని తయారుచేసి అమ్మారు. అక్కడివాళ్ళ నోటి నుంచి ఆ మాట ఎప్పుడో పోయింది. మన పంక్చరు కొట్టు కుర్రాడు మాత్రం "స్టెప్నీలో గాలుందా సార్" అని రోజూ ఆ వీధిని తలుచుకుంటున్నాడు. ఇది ప్రస్తుతానికి అనవసరమే. మల్లినాథుడి ఒట్టు మనకు లేదని ముందే చెప్పాను.

వ్యాకరణం: హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చి ఉకారం తెచ్చుకుంది, బానెటు. దానికి ఎత్తినాడులోని ఎకారం పరమై ఉత్వసంధి జరిగింది. పద్యంలో ఈ సంధి ఇంత సుఖంగా జరిగింది గానీ బయట జరగలేదు. స్టీరింగు కింది పిడి లాగితే బానెట్ ఒక్క అంగుళం లేచి ఆగుతుంది. ఆ సందులో వేళ్ళు దూర్చి, కంటికి కనపడని రెండో కొక్కేన్ని తడిమి పట్టుకోవాలి. అది ఎడమకు జరపాలో, కుడికి జరపాలో, పైకి ఎత్తాలో ఎన్నేళ్ళయినా గుర్తుండదు. వీధిలో పోయేవాడికి ఈ దృశ్యం ఎలా ఉంటుందంటే, ఒక పెద్దమనిషి తన కారునే దొంగిలించడానికి వచ్చి పని చేతకాక నిలబడ్డట్టు ఉంటుంది.

భర్త. భరించువాడు అని వ్యుత్పత్తి. ఈ పద్యంలో ఎవరు ఎవరిని భరించారన్న విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

నేడు. ఆదివారం అని అర్థం చెప్పాను. ఉద్యోగస్థుడికి తీరిక దొరికేది ఆదివారం. విడిభాగాల కొట్లు మూసేదీ ఆదివారమే. రాణీగంజ్ వెళితే ప్రపంచంలో ఉన్న ప్రతి నట్టూ బోల్టూ దొరుకుతుందని సికింద్రాబాదులో పుట్టిన ప్రతివాడూ చెబుతాడు. షట్టర్లు దించి ఉన్నప్పుడు ఏం దొరుకుతుందో మాత్రం చెప్పడు.

పనిన్. ఈ రెండక్షరాల్లో కవయిత్రి మింగేసిన విషయం చాలా ఉంది. ఆ ఉదయం తాళం తిప్పితే కారు టకటకటక అంది. ఇంజను తిరగలేదు, డాష్‌బోర్డు దీపాలు కొడిగట్టాయి. బానెట్ కింద చూస్తే బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగా, అంచుల్లో నీలిపచ్చగా, విభూతి రాసి పోసినట్టు పొడి పేరుకుని ఉంది. బ్యాటరీలోంచి పొగలా వచ్చే ఆమ్లం సీసాన్నీ రాగినీ తినగా మిగిలే లవణాలవి. కరెంటు లోపల ఉంటుంది, బయటికి దారి ఉండదు. దీనికి మందు బజార్లో కొనక్కర్లేదు: వేడినీళ్ళల్లో వంటసోడా, పాత టూత్‌బ్రష్. సోడా ఆమ్లాన్ని విరుస్తుంది, బుసబుసా నురగ వస్తుంది. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా చూసుకోవాలి, అంతే. వంటసోడా కోసం వంటింట్లోకి రెండోసారి వెళ్ళాను. "బజ్జీలకు ఉంచిందండీ అది" అన్న మాట వినపడింది. వినపడనట్టు తెచ్చుకున్నాను.

విప్పే క్రమం గురించి శాస్త్రం స్పష్టంగా ఉంది. మన సైన్సు పుస్తకాలు బ్యాటరీ కొసలకు ధనధ్రువం, ఋణధ్రువం అని పేర్లు పెట్టాయి. ఈ పేర్లు పెట్టినవాడెవరో గాని సంసారం ఎరిగినవాడు. విప్పేటప్పుడు ముందు ఋణం తీర్చాలి, ఆ తరవాతే ధనం జోలికి పోవాలి. బిగించేటప్పుడు ముందు ధనం, ఋణం ఆఖర్న. ఎందుకంటే కారు శరీరమంతా ఋణంలోనే ఉంటుంది. ఋణధ్రువాన్ని బాడీకే కలుపుతారు. ఋణం ఉండగా ధనం నట్టు విప్పుతూ పానా పక్కనున్న రేకుకు తగిలించామా, నిప్పులు రాలతాయి. పన్నెండు వోల్టులు మనిషికి షాక్ కొట్టవు గానీ, వేలి ఉంగరం అడ్డుపడితే దాన్ని ఎర్రగా కాల్చగలవు. అందుకని పెళ్ళి ఉంగరం తీసి లుంగీ మడతలో పెట్టుకున్నాను. కిటికీలోంచి "అదెందుకు తీశారు?" అని ప్రశ్న వచ్చింది. ధన ఋణ సిద్ధాంతం వివరించాను. పది నిమిషాల్లో అదీ ఒక భాగం.

ఋణం నట్టు తేలిగ్గానే వచ్చింది. ధనం రాలేదు. లోకంలో కూడా అంతేనని నేను అనబోవడం లేదు. ఉత్సర్గం ప్రకారం కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమకు తిప్పితే వదులవుతుంది. సైకిలు ఎడమ పెడలు లాంటివి అపవాదాలు. అక్కడ మరలు తలకిందులుగా ఉంటాయి. ఇక్కడ ఉత్సర్గమే వర్తిస్తుందని తెలుసు. కానీ కారు ముందు నిలబడి, నడుం వంచి, తల పక్కకు పెట్టి, అటువైపు తిరిగి ఉన్న నట్టును చూస్తూ ఎడమ ఏదో నిర్ణయించడం శీర్షాసనంలో గడియారం చూడటం లాంటిది. అయిదు నిమిషాలు శక్తికొద్దీ బిగించాక సంగతి అర్థమైంది. అప్పటికి నట్టు మూలలు అరిగిపోయాయి. పన్నెండు కోణాల రింగ్ పానా వాడితే మూలల మీద పట్టు తక్కువ, ఆరు కోణాల గోటీ అయితే బల్లపరుపు వైపుల మీద కూర్చుంటుంది. ఈ జ్ఞానం అప్పుడు కూడా నాకుంది. గోటీ లేదు. చివరికి కటింగ్ ప్లేయర్‌తో పని కానిచ్చాను. మెకానిక్‌లు చదివే పత్రికలో ఈ వ్యాసం పడితే ఈ ఒక్క వాక్యం తీసేయవలసిందిగా సంపాదకులకు విజ్ఞప్తి.

అనుక్త పాత్రలు. పద్యంలో కనిపించేది భర్త, బోల్టు, అంతే. ఇది కవయిత్రి చేసిన అన్యాయం. ఆ రోజు రంగస్థలం మీద ఇంకా చాలామంది ఉన్నారు. ఎత్తిన బానెట్ ఆహ్వానపత్రిక లాంటిది. పక్కింటి పెద్దాయన పేపరు చంకలో పెట్టుకుని వచ్చారు. "బ్యాటరీయా? బ్యాటరీ కాదు, ఆల్టర్నేటర్ పోయి ఉంటుంది. మా బావమరిది బండికీ ఇట్లాగే అయింది" అన్నారు. ఆ కథ ఆసక్తిగానే మొదలైంది. ఇరవై నిమిషాల తరవాత బావమరిది కారు అమ్మేయడంతో ముగిసింది. ఎదురింటి డ్రైవరు "సెకండ్ గేర్‌లో పెట్టి తోసేస్తే అయిపోయేది కదన్నా" అన్నాడు. అప్పటికి నేను రెండు తీగలూ విప్పేసి ఉన్నాను. ఎవరో తెలియని ఒకాయన స్కూటీ ఆపి, ఇంజను వైపు చాలాసేపు చూసి, నిట్టూర్చి, వెళ్ళిపోయాడు. ఆ నిట్టూర్పు ఇచ్చినంత అధైర్యం మిగతా సలహాలన్నీ కలిసి ఇవ్వలేదు.

వీళ్ళందరి కంటే ముఖ్యమైన పాత్ర మా అబ్బాయి. టార్చి పట్టుకునేవాడు. మా నాన్నగారు స్కూటరు పక్కకు వంచి కార్బొరేటర్ శుభ్రం చేస్తుంటే నేనూ టార్చి పట్టాను. "ఎక్కడ చూస్తున్నావురా, ఇక్కడ పట్టు" అన్న తిట్టు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తిట్టు నా పిల్లల్ని తిట్టకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ రోజు సరిగ్గా ఆ మాటలే, ఆ గొంతుతోనే, నా నోట్లోంచి వచ్చాయి. టార్చి పట్టేవాడి తప్పేమీ ఉండదు. చేయి పెట్టినవాడి తలే వెలుతురుకు అడ్డం వస్తుంది. ఈ సత్యం టార్చి పట్టేవాడికి మొదటి క్షణంలోనే తెలుస్తుంది, చెప్పే అధికారం ఉండదు.

బోల్టు జారి పడెను. ఇక్కడ క్రియను గమనించాలి. పడెను అకర్మకం. కర్త బోల్టు. బోల్టును జారవిడిచెను అనలేదు, పడవేసెను అనలేదు. గణాలకు సరిపోయే మాట మరొకటి దొరకక ఇలా రాశారనడానికి వీల్లేదు. ఛందస్సు మీద అంత పట్టున్నవారికి మాటలకు కరువా? అంటే బోల్టు తనంతట తానే జారిందని సాక్షాత్తూ మూలమే ఒప్పుకుంటోంది. ఈ వ్యాఖ్య మొత్తంలో నాకు దక్కిన గెలుపు ఇదొక్కటే కాబట్టి మరోసారి చెబుతున్నాను: కర్త బోల్టు. ఈ భాగం చదివి వినిపించినప్పుడు కవయిత్రి, "భర్త కర్తగా ఉన్నది రెండో పాదంలోనే కదండీ, మూత ఎత్తడం తప్ప ఆయన చేసింది ఏముంది?" అన్నారు. మూడో పాదంలో కర్త బోల్టు, నాలుగులో మొదట వంట, తరవాత వాన. వెతికి చూస్తే నిజమే. ఆ తరవాత నేను పద్యంలో లేను.

బొరియ. ఎలుక తవ్వుకున్న కన్నం అని వాడుక. ఇక్కడ బ్యాటరీ పీటకూ హెడ్‌లైటు వెనక రేకుకూ మధ్య ఉన్న సందు. పూర్వం ఇలాంటి బొరియలు లేవు. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజను నిలువుగా, మధ్యలో, చుట్టూ ప్రదక్షిణకు చోటు వదిలి కూర్చునేది. నట్టు జారితే నేల మీద టంగున పడేది, వంగి తీసుకునేవాళ్ళం. ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టడాన్ని ప్రపంచానికి అలవాటు చేసిన ఘనత 1959లో వచ్చిన మినీ కారుది, దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్‌ది. అలా తిప్పడం వల్ల కారు పొట్టిదైనా లోపల నలుగురూ కాళ్ళు చాపుకుని కూర్చోగలిగారు. చిన్న కార్లన్నీ ఆ దారే పట్టాయి. కూర్చునేవాళ్ళకు మిగిలిన చోటు ఎక్కడినుంచి వచ్చిందయ్యా అంటే, చేయి పెట్టేవాడి దగ్గర్నుంచి వచ్చింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. వంగి తీసుకునే కాలం దాంతో ముగిసింది.

ఆ బొరియలోకి క్లాంపు బోల్టు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు మూడు చోట్ల తగిలింది. మూడు చప్పుళ్ళు విన్నాను, నేల మీద పడిన నాలుగో చప్పుడు వినలేదు. సన్నటి కడ్డీకి చివర అయస్కాంతం ఉన్న పరికరం ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని కొన్నరోజు ఇంక దేనికీ వెనుదీయనక్కర్లేదని అనుకున్నాను. బోల్టు ఇనుము, అయస్కాంతానికి అంటుకుంటుంది. అందులో సందేహం లేదు. చుట్టూ ఉన్న రేకులూ ఇనుమేనన్నది కొన్నప్పుడు తట్టలేదు. బొరియలోకి దించిన కడ్డీ రెండంగుళాలకు ఒకసారి గోడకు ముద్దు పెట్టుకుంటూ ఆగిపోయింది. అరగంట తరవాత అది పైకి ఒక నట్టును తెచ్చింది. మాది కాదు. ఎవరిదో, ఎన్నేళ్ళ కిందటిదో. ఈ బొరియకు నేను తొలి యాత్రికుణ్ణి కాదని అప్పుడు తెలిసింది, కొంచెం ఊరట కలిగింది.

ఎచ్చటో. దీనికి వ్యాఖ్య ఆఖర్న.

వంట చల్లబడియె. గుత్తివంకాయ కూర, పప్పుచారు. రెండుసార్లు వెచ్చపెట్టారు. మూడోసారి పెట్టలేదు. చల్లబడటం వంటకే అన్వయించుకోవాలి, వండినవారికి కాదు. కొన్ని ప్రతుల్లో ఈ చోట "వంట మాడిపోయె" అని పాఠాంతరం ఉందని మా అబ్బాయి అంటున్నాడు. గణాలకు సరిపోతుంది గానీ కూరకు అపచారం.

వాన వచ్చె. ఇక్కడ కవయిత్రి మీద నాకు నిజమైన అభ్యంతరం ఉంది. బోల్టు పడటం, వంట చల్లారడం, వాన రావడం ఒకదాని వెనక ఒకటి పెట్టేసరికి, బానెట్ ఎత్తడం వల్లనే వాన వచ్చిందన్న భ్రాంతి పాఠకుడికి కలుగుతుంది. ఇది కాకతాళీయ న్యాయం. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆషాఢమాసంలో మధ్యాహ్నం మూడింటికి హైదరాబాదులో వాన పడటానికి నా బానెట్ అక్కర్లేదు. అయితే ఆమెవైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. గొడుగు పట్టుకుని బయటికి వచ్చింది ఆవిడే. ఆ గొడుగు బ్యాటరీ మీద పట్టింది, నా మీద కాదు. సరైన నిర్ణయమే.

క్లాంపు బోల్టు లేకుండా బ్యాటరీని వదిలేయకూడదు. గతుకుల్లో ఎగురుతుంది, తీగలు లాగుతుంది. పూజగది అటక మీద నులకతాడు దొరికింది. దాంతో బ్యాటరీని ఊరేగింపు విగ్రహంలా కట్టాను. తాళం తిప్పాను. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. చిత్రమేమంటే, పద్యంలో ఈ సంగతి లేదు. కారు స్టార్టయింది అని ఒక్క ముక్క రాయడానికి కవయిత్రికి చోటు చాలలేదట. స్టీరియోలో దాచుకున్న ఎఫ్‌ఎమ్ స్టేషన్లన్నీ పోయాయి, గడియారం పన్నెండు దగ్గర వెలిగి ఆరుతోంది. సాయంత్రం నాలుగున్నర అయింది. గడియారం ప్రకారం నేను ఇంకా మొదలే పెట్టలేదు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను, కొత్త క్లాంపు కోసం. అతను బానెట్ ఒంటిచేత్తో ఎత్తాడు. కొక్కెం వెతకలేదు. తాడు చూశాడు, అరిగిన నట్టు చూశాడు, తల ఊపి, "ఎవడో కెలికాడు సార్ దీన్ని" అన్నాడు. పక్కనే మా ఆవిడ ఉంది. నేనేమీ అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు. "అవును, ఈమధ్య ఎవడు పడితే వాడు చేస్తున్నాడు" అని చివరికి నేనే అన్నాను. కొత్త క్లాంపు బిగించడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. గడియారం చూశాను, చూడకుండా ఉండాల్సింది.

ఎచ్చటో, మళ్ళీ. ఆలంకారికులు అర్థాన్ని మూడు మెట్లుగా చెప్పారు: అభిధ, లక్షణ, వ్యంజన. మాట నేరుగా చెప్పనిది, చెప్పకుండానే వినిపించేది ధ్వని. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ ఇదేనని నిలబెట్టాడు. ఈ పద్యంలో ధ్వని ఎక్కడుందని చాలాకాలం వెతికాను. బోల్టు పడింది, అది వాచ్యార్థం. భర్త చేతకానివాడు, అది లక్ష్యార్థం, దానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. వ్యంగ్యార్థం కారులోనే ఉంది. మెకానిక్ కూడా దాన్ని తీయలేకపోయాడు. కింద రేకు విప్పాలి సార్, ఇంకోసారి చూద్దాం అన్నాడు. ఆ ఇంకోసారి ఇంకా రాలేదు. బోల్టు ఆ రేకు మీదే ఎక్కడో ఉంది. తిన్నగా పోతున్నంతసేపూ పలకదు. తార్నాక దగ్గర ఎడమకు తిరిగినప్పుడు, ముందు చక్రం వైపు నుంచి, చిన్నగా, టిణ్ అంటుంది. పక్క సీట్లో మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది. అప్పుడే ఏదో దుకాణం బోర్డు చదవాల్సిన అవసరం పడుతుంది ఆవిడకు.